ఒకసారికి ఒకే ఫైలు: జాగ్రత్త పేరుతో జరుగుతున్న తప్పు

మస్కట్‌లో రువీ కానివ్వండి, ఘలా కానివ్వండి, అల్ ఖువైర్ కానివ్వండి, ఐటీ విభాగంలోనో పేరోల్ సెక్షన్‌లోనో కొత్తగా చేరిన తెలుగు కుర్రాడికి మొదటి వారంలోనే ఒక సలహా అందుతుంది. "చూడు తమ్ముడూ, ఒకసారికి ఒకే ఫైలు తెరువు. దిద్దు, సేవ్ చెయ్యి, మూసెయ్యి. ఆ తర్వాతే ఇంకోటి. అన్నీ కలిపి తెరిచావంటే ఎక్కడో చెయ్యి జారుతుంది." చెప్పేవాళ్ళు అనుభవం ఉన్నవాళ్ళే. మంచి కోరే చెబుతారు. కుర్రాడు తలూపుతాడు, ఏళ్ళ తరబడి అలాగే పనిచేస్తాడు, తర్వాత తన కింద చేరినవాడికీ అదే చెబుతాడు. అలా ఈ మాట మన ఆఫీసుల్లో ఎవరూ ప్రశ్నించని నియమమై కూర్చుంది.

ఈ సలహా తప్పు. కొన్ని సందర్భాల్లో కుదరదని సర్దిచెప్పడానికి ఈ వ్యాసం రాయడం లేదు. ఒకే విషయం పది ఫైళ్ళలో రాసి ఉన్నప్పుడు వాటిని ఒక్కొక్కటిగా తెరిచి మూయడమే తప్పులకు పుట్టినిల్లు అని నా వాదన. ఆ పదింటినీ ఒకే ఎడిటర్‌లో ఒకేసారి తెరవాలి, పక్కపక్కన పెట్టుకోవాలి, ప్రతి మార్పునూ కంటితో చూసి ఒప్పుకుంటూ సాగాలి. అదీ జాగ్రత్త. ఒమన్‌లో పనిచేసేవాళ్ళకు ఈ సంగతి మరీ గట్టిగా చెప్పవలసి వస్తోంది. ఇక్కడ ప్రతి కాగితానికీ కనీసం రెండు భాషలుంటాయి. ఇక్కడి డబ్బుకు దశాంశ బిందువు తర్వాత మూడు స్థానాలుంటాయి. పైగా 2013 నుంచి దేశమంతటి లెక్కల్నీ ఒక్క తేదీతో మార్చేసిన నిర్ణయాలు ఒకటికి మూడు వచ్చాయి.

వాటిలో మొదటిదే చాలు నా మాట నిలబెట్టడానికి. 2013 మే 1న ఒమన్‌లో వారాంతపు సెలవు గురు, శుక్రవారాల నుంచి శుక్ర, శనివారాలకు మారింది. అదే ఏడాది జూన్ చివర్లో సౌదీ అరేబియా కూడా ఆ పనే చేసింది. మనుషులకు అది ఒక్క ముక్కలో చెప్పేయగల కబురు: ఇకనుంచి గురువారం డ్యూటీకి రావాలి, శనివారం రానక్కర్లేదు. హాజరు లెక్క, ఓవర్‌టైమ్ (ఓటీ) లెక్క, సెలవుల పట్టిక, బ్యాకప్‌ల వేళలు, సరుకు చేరే తేదీ, ఇలా సెలవుమీద ఆధారపడ్డ ప్రతి ప్రోగ్రాంలోనూ మాత్రం ఆ రోజుల్ని ఎక్కడెక్కడ రాసి పెట్టారో వెతికి పట్టుకుని మార్చాలి.

ఎలా రాసి పెడతారు? పేర్లతో రాస్తే సుఖమే. ఎక్కువచోట్ల అంకెలతో రాస్తారు. లైనక్స్ సర్వర్లలో వేళ ప్రకారం పనుల్ని నడిపే క్రాన్‌లో ఆదివారం అంటే సున్నా. ఆ లెక్కన గురువారం 4, శుక్రవారం 5, శనివారం 6. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో వారంలో ఎన్నో రోజో చెప్పే ఫంక్షన్ ఆదివారాన్ని ఒకటిగా పట్టుకుంటుంది. అక్కడ గురువారం 5, శుక్రవారం 6, శనివారం 7. జావాలోని పాత క్యాలెండర్ లెక్క కూడా ఇదే. ఎక్సెల్‌లో పనిదినాలు లెక్కించే ఫంక్షన్‌కు రెండు రోజులకూ కలిపి ఒక కోడ్ ఇవ్వాలి. గురు, శుక్రవారాలు సెలవైతే 6, శుక్ర, శనివారాలైతే 7.

ఇప్పుడు "5,6" అనే రాతను తీసుకోండి. క్రాన్ ఫైలులో అది శుక్ర, శనివారాలు. అంటే మే 1 తర్వాత ఉండవలసిన రాత. డేటాబేస్ క్వెరీలో అదే రాత గురు, శుక్రవారాలు. అంటే మే 1 తర్వాత ఉండకూడని రాత. అక్షరం పొల్లుపోకుండా ఒకే రాత, ఒక ఫైలులో ఒప్పు, పక్క ఫైలులో తప్పు.

నియమం పాటించే మనిషి ఈ పని ఎలా చేస్తాడో ఊహించండి. క్రాన్ ఫైలు తెరుస్తాడు. 4,5 ఉన్నచోట 5,6 రాస్తాడు. సేవ్ చేసి మూసేస్తాడు. ఫైలు మూసుకుంది గానీ "కొత్త సెలవంటే 5,6" అన్నది బుర్రలో మిగిలిపోయింది. తర్వాత క్వెరీ ఫైలు తెరుస్తాడు. అక్కడ 5,6 కనబడుతుంది. ఎవరో ముందే మార్చేశారు కాబోలనుకుని తృప్తిగా మూసేస్తాడు. ఆ నెల హాజరు రిపోర్టులో శనివారం ఇంట్లో ఉన్నవాళ్ళంతా గైర్హాజరు, గురువారం మామూలుగా పనిచేసినవాళ్ళంతా సెలవు రోజు డ్యూటీ చేసినవాళ్ళు. అతను ఎక్కడా తొందరపడలేదు. చెప్పినట్టే ఒక్కొక్కటిగా చూశాడు. ముందు ఫైలు తెర మీద లేదు కాబట్టి దాన్ని గుర్తు చేసుకున్నాడు, గుర్తు చేసుకున్నదాన్ని ఈ ఫైలుకు అంటగట్టాడు. మూసిన ఫైలు జ్ఞాపకంగా మారుతుంది, జ్ఞాపకం ఫైలంత నమ్మకంగా ఉండదు. ఒకసారికి ఒకే ఫైలు అనే పద్ధతిలోని ప్రమాదమంతా అక్కడే ఉంది.

రెండు ఫైళ్ళూ పక్కపక్కన తెరిచి ఉంటే ఈ పొరపాటుకు చోటు లేదు. మార్చకముందు క్రాన్‌లో 4,5 ఉంది, క్వెరీలో 5,6 ఉంది. ఒకే సెలవును రెండు ఫైళ్ళు రెండు రకాలుగా ఎందుకు రాశాయన్న ప్రశ్న చూడగానే పుడుతుంది. ఆ ప్రశ్న పుట్టిందంటే సగం పని అయిపోయినట్టే.

ఈ నియమాన్ని సమర్థించేవాళ్ళు తరచుగా పాతకాలపు క్రమశిక్షణ పేరు ఎత్తుతారు. పెద్ద ప్రోగ్రామర్లు ఒక్కో ఫైలే తెరిచి పనిచేసేవారనీ, ఈ ట్యాబ్‌లూ కిటికీలూ కొత్తతరం ఆడంబరమనీ అంటారు. చరిత్ర అలా లేదు. 1969లో కెన్ థాంప్సన్ యూనిక్స్ కోసం రాసిన ఈడీ ఎడిటర్ ఒకసారికి ఒక ఫైలునే చేతికిచ్చేది. నిజమే. అప్పటి యంత్రాల్లో మెమరీ అంతంతమాత్రం, చాలామందికి తెర కూడా లేదు, కాగితం మీద అచ్చు కొట్టే టెలిటైపులే. లేమి వల్ల అలా చేశారు. వీలు చిక్కగానే ఆ పద్ధతి వదిలేశారు కూడా. 1976లో మొదలైన ఈమ్యాక్స్ సంప్రదాయమంతా బఫర్ల మీదే నిలబడింది, అంటే ఎన్ని ఫైళ్ళైనా ఒకేసారి తెరిచి ఉంచుకోవడం మీద. బిల్ జాయ్ రాసిన వీఐకి ఫైళ్ళ జాబితానే ఇచ్చి ఒకదాని నుంచి ఇంకోదానికి సాగిపోయే వీలు 1970లు ముగిసేలోపే ఉంది. బ్రామ్ మూలెనార్ 1991లో విడుదల చేసిన విమ్‌కు 1994లోనే, మూడో వెర్షన్‌తో, తెరను చీల్చి పలు కిటికీలు పెట్టుకునే సౌకర్యం వచ్చింది. 2006లో ట్యాబ్‌లు వచ్చాయి.

మరి ఒక్కో ఫైలు అలవాటు మనకు ఎక్కడిది? నా అంచనాలో విండోస్ నోట్‌ప్యాడ్ నుంచి. మనలో చాలామంది కంప్యూటర్ ముందు కూర్చుని మొదట తెరిచిన ఎడిటర్ అదే. ఒక కిటికీకి ఒకే ఫైలు. విండోస్ 95, 98 రోజుల్లో 64 కిలోబైట్లు దాటిన ఫైలును తెరవనని మొరాయించేది. దానికి ట్యాబ్‌లు వచ్చింది 2023లో, విండోస్ 11లో. ఒక చిన్న పనిముట్టు పరిమితిని మనం పనితీరుగా నేర్చుకున్నాం, తర్వాత దానికి క్రమశిక్షణ అని పేరు పెట్టాం. అమీర్‌పేట కోచింగుల్లో జావా నేర్పుతారు, ఒరాకిల్ నేర్పుతారు. రేపు ఉద్యోగంలో రోజుకు ఎనిమిది గంటలు ఎదురుగా ఉండబోయే ఎడిటర్‌ను ఎలా వాడుకోవాలో కూర్చోబెట్టి నేర్పిన చోటు నాకు కనబడలేదు.

పాతకాలపు క్రమశిక్షణే కావాలంటే మన దగ్గరే ఉంది. సీపీ బ్రౌన్ వేమన పద్యాల్ని సేకరించినప్పుడు ఆయన ముందున్నది ఒక్క ప్రతి కాదు. ఊరూరి నుంచీ తెప్పించిన తాళపత్రాలు, కాగితపు ప్రతులు కుప్పలుగా ఉండేవి. పండితుల్ని కూర్చోబెట్టి ప్రతికి ప్రతిని ఎదురుపెట్టి, పాఠభేదాలు గుర్తించి, ఏది నిలుపుకోవాలో తేల్చి 1829లో వేమనను అచ్చు వేయించాడు. ఒక ప్రతి చదివి, కట్టకట్టి అటక మీద పెట్టి, రెండోది విప్పి ఉంటే ఏ అక్షరం ఎక్కడ మారిందో ఏ పండితుడికి మాత్రం తెలుస్తుంది? తెలుగులో పాఠపరిష్కరణ అన్న విద్య పుట్టిందే పలు ప్రతుల్ని ఒక్కచోట పరవడంలో. మన పండితులు చేసిన పనినే ఎడిటర్ కిటికీల్లో చెయ్యమని అడుగుతున్నాను.

రెండో ఆక్షేపణ ఇంతకన్నా బరువైనది. "అన్నీ కలిపి తెరిచి అన్నిట్లో మార్చెయ్ అని బటన్ నొక్కితే కొంప మునుగుతుంది" అంటారు. అలా మునిగిన కొంపలు ఉన్నాయి కూడా. అయితే వాళ్ళు రెండు వేర్వేరు పనుల్ని ఒకటిగా చూస్తున్నారు. ఫైళ్ళన్నీ తెరిచి చూస్తూ దిద్దడం ఒక పని. ఫైళ్ళు తెరవకుండానే డిస్కు మీద మార్చేయడం ఇంకో పని. మన ఆఫీసుల్లో విరివిగా వాడే నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లోనే ఈ తేడా స్పష్టంగా ఉంది. వెతుకులాట పెట్టెలో ఒక బటన్ ఫోల్డర్‌లోని ఫైళ్ళన్నిటినీ నేరుగా మార్చి రాసేస్తుంది. ఒక్కసారి "సరేనా" అని అడుగుతుంది, అంతే. తెరవని ఫైలులో జరిగిన ఆ మార్పును అన్‌డూతో వెనక్కి తెచ్చుకోలేం. ఇంకో బటన్ తెరిచి ఉన్న డాక్యుమెంట్లలో మాత్రమే మారుస్తుంది. అక్కడ ఏదీ సేవ్ కాదు. ప్రతి ఫైలూ చూసుకోవచ్చు, నచ్చకపోతే అన్‌డూ చేయవచ్చు, అసలు సేవ్ చేయకుండానే మూసేయవచ్చు. మొదటి బటన్ చేసిన నష్టాన్ని రెండో పద్ధతి నెత్తిన వేయడం అన్యాయం.

విమ్‌లో అయితే ఇది మరీ నిదానంగా జరుగుతుంది. మార్చాల్సిన ఫైళ్ళ పేర్లన్నీ ఇచ్చి ఒకేసారి తెరుస్తాం. అవన్నీ ఒక జాబితాగా నిలుస్తాయి. ఆర్గ్‌డూ అనే కమాండ్ ఆ జాబితాలోని ప్రతి ఫైలుకూ ఒకే మార్పును వర్తింపజేస్తుంది. ఆ మార్పు కమాండ్ చివర సీ అనే ఒక్క అక్షరం చేర్చితే చాలు, దొరికిన ప్రతిచోటా కర్సర్ ఆగుతుంది, ఆ పదం వెలుగుతుంది, ముందూ వెనకా వరుసలతో సహా కళ్ళముందుంటుంది. వై నొక్కితే మారుతుంది, ఎన్ నొక్కితే వదిలేస్తుంది, క్యూ నొక్కితే ఆ ఫైలులో అక్కడితో ఆగుతుంది. ఈమ్యాక్స్‌లో ఫోల్డర్ జాబితాలోనే కావలసిన ఫైళ్ళకు గుర్తు పెట్టి పెద్ద క్యూ నొక్కితే ఇదే సంభాషణ నడుస్తుంది. వీఎస్ కోడ్ పక్క పట్టీలో ఫలితాలన్నిటినీ ఫైలువారీగా చూపి, అక్కర్లేనివాటిని ఒక్కొక్కటిగా తీసేయనిస్తుంది. ప్రతి మార్పుకూ మనిషి ఒప్పుకోలు అడిగే పద్ధతిని దూకుడు అనడం ఏం న్యాయం?

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యమైన ఉదాహరణకు వస్తాను. ఇందులో ఫైళ్ళు తప్పితే నష్టపోయేది కంపెనీ కాదు, లేబర్ క్యాంపులో పడుకునే మనిషి.

ఒమన్‌లో 2003 నాటి కార్మిక చట్టం రోజుకు 9 గంటలు, వారానికి 45 గంటలు పని అని చెప్పేది. 2023 జూలైలో 53/2023 నంబరు రాజశాసనంతో కొత్త కార్మిక చట్టం వచ్చింది. రోజుకు 8 గంటలు, వారానికి 40 గంటలు, విరామం కాకుండా. దాని పైన చేయించుకుంటే ఓటీ. పగటి ఓటీకి కనీసం 25 శాతం, రాత్రి ఓటీకి 50 శాతం అదనం. చదవడానికి తొమ్మిది ఎనిమిదైంది. అంతే కదా అనిపిస్తుంది.

ఒక మామూలు పేరోల్ వ్యవస్థలో ఆ తొమ్మిది ఎక్కడెక్కడ ఉంటుందో చూద్దాం. సెట్టింగుల ఫైలులో 9 అని ఉంటుంది. టైమ్‌షీట్ రిపోర్టు రాసినవాడు నిమిషాల్లో ఆలోచించాడు, అక్కడ 540 అని ఉంటుంది. వారపు మొత్తం సరిచూసే క్వెరీలో 45. శాలరీ స్లిప్ ఇంగ్లిష్ నమూనాలో పదంగా "నైన్". అరబిక్ నమూనాలో అరబిక్ అంకె. ఈ చివరిదాన్ని దగ్గరగా చూడాలి. అరబిక్ తొమ్మిది చూపుకు మనం రోజూ వాడే ఇంగ్లిష్ తొమ్మిదిలాగే ఉంటుంది. కంప్యూటర్‌కు మాత్రం అది పూర్తిగా వేరే అక్షరం, యూనికోడ్‌లో దాని స్థానమే వేరు. మామూలు 9ని వెతకమంటే అది దొరకదు. కంటికి కనబడుతుంది, వెతుకులాటకు కనబడదు. మార్చాల్సిన అరబిక్ ఎనిమిదేమో తలకిందులు చేసిన ఇంగ్లిష్ వీ అక్షరంలా ఉంటుంది. ఇంగ్లిష్ స్లిప్‌నూ అరబిక్ స్లిప్‌నూ రెండు కిటికీల్లో పెట్టి, రెండూ కలిసి కదిలేలా కట్టి, వరుసకు వరుస చూసుకుంటూ వెళ్ళేవాడికి తప్ప ఇది పట్టుబడదు. విమ్‌లోనూ నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లోనూ అలా కలిపి కదిలించే సౌకర్యం ఉంది. దాన్ని వాడేవాళ్ళు మన ఆఫీసుల్లో ఎంతమంది?

ఇప్పుడు 540 ఒక్కటి మిగిలిపోయిందనుకుందాం. దుఖమ్ సైటులో ఒక జగిత్యాల మనిషి రోజుకు తొమ్మిది గంటలు పనిచేస్తున్నాడు. బేసిక్ 120 రియాల్లు అనుకుందాం. నెలకు 30 రోజులు, రోజుకు 8 గంటల లెక్కన గంటకు అర రియాల్, అంటే 500 బైసా. ఓటీ గంటకు 625 బైసా. కొత్త చట్టం ప్రకారం ఆ తొమ్మిదో గంట ఓటీ. రిపోర్టు ఇంకా 540 నిమిషాల దగ్గరే ఉంది కాబట్టి అతని ఓటీ సున్నా. సైట్ ఇంజనీర్ ఆ రిపోర్టు మీదే సంతకం పెడతాడు. నెలకు 22 పనిదినాలైతే 13 రియాల్ల 750 బైసా పోయింది. రియాల్ రెండు వందల రూపాయల పైమాట. ఊళ్ళో ఇంటికి నెలనెలా చేరాల్సిన రెండున్నర వేల పైచిలుకు సొమ్ము ఒక ఫైలులో ఆగిపోయింది. అతని చేతికొచ్చే స్లిప్‌లో మాత్రం ఎనిమిది గంటలనే అచ్చయి ఉంటుంది. దాన్ని పట్టుకుని ఆఫీసుకు వెళ్ళి అడిగితే, సెట్టింగుల ఫైలు తెరిచి "ఇదిగో, ఎనిమిదే ఉంది కదా" అని చూపిస్తారు. చూపించేవాడు అబద్ధం చెప్పడం లేదు. అతను తెరిచింది ఒక్క ఫైలు.

"ఎడిటర్‌తో అవస్థ దేనికి, ఒక స్క్రిప్టు రాసి పారేస్తే పోలా" అనే నేర్పరులకు కూడా ఈ ఉదాహరణే జవాబు. 9ని 8 చేయమని స్క్రిప్టుకు చెబితే ఒమన్ ఫోన్ కోడ్ 968 కాస్తా 868 అవుతుంది, ఉదయం తొమ్మిదికి మొదలయ్యే షిఫ్టు ఎనిమిదికి మొదలవుతుంది, 540 మాత్రం చెక్కుచెదరకుండా ఉంటుంది. పాత అరబిక్ ఫైలు విండోస్-1256 ఎన్‌కోడింగ్‌లో ఉండి స్క్రిప్టు దాన్ని యూటీఎఫ్-8 అనుకుంటే అరబిక్ అంతా పిచ్చిగీతలవుతుంది. ఎడిటర్‌లో తెరిస్తే ఎన్‌కోడింగ్ అడుగు పట్టీలోనే కనిపిస్తుంది. కంపెనీ పేరు మారిందనుకోండి, సర్వర్ పేరు మారిందనుకోండి, రాత అన్నిచోట్లా ఒకటే అయినప్పుడు స్క్రిప్టు భేషైన పనిముట్టు. అర్థం ఒకటై రాతలు వేరైనప్పుడు దాని చేతిలో ఏమీ లేదు.

"గిట్ ఉంది కదా, మారిన వరుసలన్నీ చూపిస్తుంది, సీనియర్ ఒకరు చూసి ఒప్పుకుంటారు" అనే ధీమా ఇంకొకటి. గిట్ మారిన వరుసల్ని చూపిస్తుంది. మారవలసి ఉండి మారనివాటిని చూపించదు. పై కథలో 540 ఉన్న ఫైలును ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి సమీక్షకు వచ్చిన జాబితాలో దాని పేరే ఉండదు. ఎంత పెద్ద సీనియరైనా కనబడని ఫైలు మీద ఏం అభిప్రాయం చెబుతాడు?

అన్నిటికన్నా గౌరవించదగ్గ వాదన డిజైన్ తెలిసినవాళ్ళది. "ఒక సంఖ్య పది ఫైళ్ళలో ఉండటమే తప్పు. ఒక్కచోట రాసి మిగతావన్నీ అక్కడి నుంచి తీసుకునేలా కట్టాలి. అప్పుడు పది ఫైళ్ళు తెరవాల్సిన అగత్యమే రాదు." కొత్త ప్రోగ్రాం కట్టేవాళ్ళంతా ఈ మాట గోడ మీద రాసుకోవాలి. కానీ ఒమన్‌లో చట్టం మారిన రోజున మన చేతిలో ఉండేది ఎవరో కట్టి వదిలివెళ్ళిన పాత ప్రోగ్రాం. పైగా చట్టం చెప్పిన సంఖ్య ప్రోగ్రాంలో మాత్రమే ఉండదు. నియామక ఒప్పందం నమూనాలో ఉంటుంది, నోటీసు బోర్డుకు అంటించే అరబిక్ ప్రకటనలో ఉంటుంది, హిందీ, బెంగాలీ, తెలుగు అనువాదాల్లో ఉంటుంది. ఒక వాక్యాన్ని అరబిక్‌లో ఒకసారి, తెలుగులో ఒకసారి రాయక తప్పదు. ఎంత గొప్ప డిజైన్ వచ్చినా రెండు భాషల్ని ఒక్క ఫైలు వరుసగా కుదించలేదు. 2021 ఏప్రిల్ 16న 5 శాతం వ్యాట్ వచ్చినప్పుడూ ఇంతే. ఒక ఫైలులో 5, ఒకచోట 0.05, మరోచోట 1.05. పన్నుతో కలిపిన ధర నుంచి పన్నును విడదీసే చోట 21తో భాగించడం. ఐదు అనే అంకె ఛాయ కూడా లేని ఆ 21ని ఇన్‌వాయిస్ నమూనా పక్కన పెట్టి చూసినవాడే అది వ్యాట్ అని గుర్తుపడతాడు.

ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చింది కాబట్టి ఈ చర్చే అనవసరం అంటున్నారు. ఏఐ సాధనాలు చేసే మొదటి పని ఏమిటో గమనించండి. ఫోల్డర్‌లోని సంబంధిత ఫైళ్ళన్నిటినీ కలిపి చదవడం, వాటన్నిట్లో ఒకేసారి మార్పులు ప్రతిపాదించడం. అంటే పనికి కొలమానం ఒక్క ఫైలు కాదని అవి కూడా ఒప్పుకున్నట్టే. ఆ ప్రతిపాదనను ఒప్పుకోవాలా వద్దా అన్నది తేల్చాల్సింది మనమే. క్వెరీలోని 5,6 మారాలనీ క్రాన్‌లోనిది అలాగే ఉండాలనీ అది సరిగ్గా చెప్పిందో లేదో తెలియాలంటే ఆ రెండూ పక్కపక్కన తెరిచి చూసే అలవాటున్న మనిషి కావాలి. జీతాలు, సివిల్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు ఉన్న ఫైళ్ళను బయటి సర్వర్‌కు పంపేముందు 2023 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న వ్యక్తిగత సమాచార రక్షణ చట్టాన్నీ గుర్తుంచుకోవాలి. ఆ ఫైళ్ళు మనవి కావు. వాటిలో పేర్లున్న మనుషులవి.

"ఇదంతా ప్రోగ్రామర్ల గొడవ, మనకెందుకు" అని టైమ్‌కీపర్లు, డాక్యుమెంట్ కంట్రోలర్లు పక్కకు తప్పుకోవడం కూడా నాకు సమ్మతం కాదు. ప్రోగ్రామర్ హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఉంటాడు, ఒమన్‌లో సెలవు ఏ రోజో కూడా అతనికి గుర్తుండకపోవచ్చు. ఘలా ఆఫీసులో కూర్చుని నెలనెలా రిపోర్టు తీసేది మీరు. అరబిక్ స్లిప్ చేతికి తీసుకుని "అన్నా, ఇందులో ఏం రాశారు" అని అడిగే మనిషి వచ్చేది మీ దగ్గరికి. ఇందుకు కోడింగ్ రానక్కర్లేదు. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో ఫోల్డర్‌లోని టెక్స్ట్ ఫైళ్ళన్నీ లాగి వదలడం, 9, 540, 45 అని విడివిడిగా వెతకడం, ఫలితాల పట్టీలో వచ్చిన ప్రతి వరుస మీదా రెండుసార్లు క్లిక్ చేసి ఆ చోటికి వెళ్ళి చూడడం. మార్చే అధికారం మీకు లేకపోతే ఫైలు పేరూ వరుస సంఖ్యా రాసి ఐటీకి పంపడం. ఒక పూట పని.

ఒమన్‌లో తర్వాతి పెద్ద మార్పుకు తేదీ ఇప్పటికే ఖాయమైంది. 2028 జనవరి 1 నుంచి ఏడాదికి 42,000 రియాల్లు దాటిన ఆదాయం మీద 5 శాతం వ్యక్తిగత ఆదాయపు పన్ను. మనలో అంత జీతం ఉన్నవాళ్ళు తక్కువే కావచ్చు. ఆ సంఖ్యలు మాత్రం పెద్ద పేరోల్ వ్యవస్థలన్నిటిలోకీ వచ్చి చేరతాయి, వ్యాట్ అప్పటికే 5గా రాసి ఉన్న ఫైళ్ళ పక్కనే. ఏ 5 ఏ పన్నో ఒక్కో ఫైలు విడిగా తెరిచి తేల్చుకోవడం ఎంత కష్టమో ఇప్పుడే ఊహించవచ్చు. అందాకా ఆగకండి. ఈ వారమే మీ ఆఫీసు పేరోల్ ఫైళ్ళన్నీ ఒకే ఎడిటర్‌లో కలిపి తెరవండి. 2023 జూలై తర్వాత కూడా తొమ్మిది గంటలు ఎక్కడైనా, ఏ రూపంలోనైనా మిగిలి ఉన్నాయేమో వెతకండి. కనబడితే దిద్దించి ఊరుకోవద్దు. అప్పటి నుంచి ఎవరెవరికి ఎన్ని గంటల ఓటీ రావాలో లెక్క తీసి, పేర్లతో సహా మేనేజర్ బల్ల మీద పెట్టండి.